నిఖత్ చేతి నంబరు పదకొండు

నమోదు 1

ఇది మీరు చేసిన పనే. పక్కకు చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. మందుల యంత్రం ముందు నిలబడి, వేలిముద్ర వేసి, గిన్నెలో పడ్డ గోలీలను మింగకుండా జేబులో వేసుకుని, ఊళ్లో మంచి చెయ్యి ఉన్న మనిషి కోసం వెతుక్కుంటూ పోయింది మీరు. ఆ మనిషి అరచేతిలో మీ గోలీలు పోసి, అదే చేత్తో మళ్లీ ఇప్పించుకుని, అప్పుడు మింగింది మీరు. చదువుకోని వాళ్లే ఇలా చేశారని నాతో చెప్పకండి. ఆసుపత్రి గేటు దగ్గర సర్వపిండి అమ్మే నర్సవ్వ చేతి మీదుగా బీపీ గోలీలు అందుకుంటున్న ఒక కాలేజీ ప్రిన్సిపాలును నేను కళ్లారా చూశాను. ఆయన భౌతికశాస్త్రం చెప్తాడు.

దాన్ని మీరు చేతిగుణం అన్నారు. మా ఆసుపత్రిని నడిపే కంపెనీ వాళ్లు హస్తవాసి అని నివేదికలో రాసుకున్నారు. నివేదికలోకి ఎక్కిన తర్వాత ఏ మూఢనమ్మకమైనా విధానం అయి కూర్చుంటుంది.

జరిగింది ఇది. కొత్త మానేరు పట్నంలో జబ్బు కనిపెట్టడం, మందు రాయడం, కోత కోయడం అన్నీ యంత్రానివే అయి చాలా కాలమైంది. ఊరు దానికి పెద్దసారు అని పేరు పెట్టింది. పెద్దసారు వచ్చాక డాక్టర్లను ఇంటికి పంపేశారు. కొన్నాళ్లకు పెద్దసారే ఒక సంగతి గమనించింది: గిన్నెలో పడ్డ మందును మీరు సగంలో వదిలేస్తున్నారు, ఎవరైనా చేత్తో ఇస్తే పూర్తిగా వాడుతున్నారు. కంపెనీ తల గోక్కుని, నలుగురు డాక్టర్లను వెనక్కి పిలిచింది. మా హోదా అందజేత వైద్యులు. పెద్దసారు రాసిన గోలీని తీసి మీ అరచేతిలో పెట్టడం మా పని. దీనికి ఎం.డి. అడిగారు.

నేను అంకం క్రాంతిని. ఒకప్పుడు ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే డాక్టరును. ఇప్పుడు మా సంఘానికి కార్యదర్శిని. సంఘంలో ఉన్నది మేం నలుగురమే కాబట్టి పదవి లేనివాళ్లు ఎవరూ లేరు. ఈ నమోదులు సంఘం పత్రిక కోసం రాస్తున్నాను. చదివేది మీరు కాబట్టి తిట్లు కూడా మీకే.

నమోదు 2

పొద్దున, ఇక బయట తిరగొద్దని ఎండ సైరన్ మోగేలోపు ఊరు పనులన్నీ ముగించుకోవాలి కదా, అందుకని చీకటి విచ్చీ విచ్చకముందే నీడబాట అంతా జనం. తలమీద కప్పు ఉన్న ఆ ఒక్క వీధిలోనే బళ్లు, దుకాణాలు, నీళ్ల టోకెన్ల వరుస. ఇంటి నుంచి ఆసుపత్రికి మామూలుగా నడిస్తే చిటికెలో చేరే దూరం. నాకు ఇవాళ బోలెడంత సేపు పట్టింది.

కారణం చేతి నంబరు. మా చేతి మీదుగా మందు తీసుకున్న వాళ్లలో వారం తిరిగేలోగా ఎందరు కోలుకుని ఇంటికి పోయారో చూసి, మా ఒక్కొక్కరికి నూటికి ఇంత అని ఒక నంబరు వేస్తారు. దాన్ని ఆసుపత్రి ముందు బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో వెలిగిస్తారు. నాది తొంభై మూడు. నేనిచ్చేది జలుబు, జ్వరం మందులు. జలుబు నేనిచ్చినా తగ్గుతుంది, ఎవరిచ్చినా తగ్గుతుంది, ఎవరూ ఇవ్వకపోయినా తగ్గుతుంది. ఈ మాట మీకు ఎన్నిసార్లు చెప్పాను?

అయినా నీడబాటలో అడుగుపెడితే చాలు, బోణీ చెయ్యమని చుట్టుముడతారు. పూలామె ఒక మూర కొనిపిస్తుంది. గొడుగులు బాగుచేసేవాడు నా గొడుగు విరగలేదంటే తనే విరిచి బాగుచేస్తానంటాడు. ఇవాళ నర్సవ్వ దారికడ్డంగా బండి పెట్టేసింది.

"జెర తుంచి నోట్లో ఏస్కో డాక్టరమ్మా. నువ్వు ముట్టుకుంటే ఎండ సైరన్‌కు ముందే గిన్నె ఖాళీ అయితది."

నేను హేతువాదినని, జీవితమంతా ఇలాంటి వాటి మీదే పోరాడానని, నా ముందు ఇలాంటి మాటలు మాట్లాడొద్దని గట్టిగా చెప్పాను. నర్సవ్వ నా మాట పూర్తిగా విన్నది. విని, "అవ్ మల్ల, కోపంల కూడ నీ చెయ్యి చల్లగనే ఉంటది" అని సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది. తిన్నాను. వేరుశనగలు బాగా వేసింది. సిద్ధాంతం వేరు, ఆకలి వేరు.

నమోదు 3

యంత్రాలు వస్తే డాక్టర్లందరూ ఒకేలా పోతారని మీరు అనుకున్నారు. మీ ఊహలు ఎప్పుడూ ఇంతే మోటుగా ఉంటాయి. ఒక్కొక్కరం ఒక్కో రకంగా పోయాం.

మొదట పోయింది నా జాతి. మాది బొమ్మలు చూసే పని, బొమ్మలు చూడటం యంత్రానికి ఇష్టమైన పని. పెద్దసారు నాకన్నా బాగా చూస్తుంది, ఒప్పుకుంటాను. నా కళ్లద్దాలు కూడా నాకన్నా బాగానే చూస్తాయి, వాటితో నాకు తగాదా ఉందా? చర్మం డాక్టరు తేజోమూర్తి సంగతి ఇంకా సులువు. మీరు దద్దురును ఫోనుకు చూపిస్తే పేరు చెప్పేస్తుంది. ఆయన ఇప్పుడు లేపనం డబ్బా అందిస్తాడు, నంబరు తొంభై ఆరు, ఆ అంకెను స్కూటరు మీద రాయించుకున్నాడు. ఎముకల సర్జను రాథోడ్ గణ్‌పత్‌కు మాత్రం కత్తి ఒక్కటే పోయింది. మోకాలు మార్చేది మరచేతులు. రోగికి ధైర్యం చెప్పేది, బల్ల మీదకు ఎత్తేది, ఏదన్నా తేడా వస్తే తిట్లు తినేది రాథోడ్. కోత యంత్రానిది, సంతకం మనిషిది. నంబరు డెబ్బై.

నాలుగో డాక్టరు నిఖత్. ఇక తగ్గని జబ్బులతో ఉన్న ముసలివాళ్ల వార్డు ఆమెది. ఎనిమిది మంచాలు. అక్కడ జబ్బు కనిపెట్టే పని లేదు, అది ఎప్పుడో తేలిపోయింది. నొప్పి తగ్గించాలి, నిద్ర పట్టించాలి, భయం వేస్తే పక్కన కూర్చోవాలి. యంత్రం ఆ వార్డులోకి ఒకసారి తొంగి చూసి, లాక్కోవడానికి ఏమీ దొరక్క తిరిగి వెళ్లిపోయిందని మేం నవ్వుకునేవాళ్లం.

నవ్వు ఇవాళ ఆగింది. నిఖత్ చేతి నంబరు పదకొండు. వారంలో కోలుకుని ఇంటికి పోయేవాళ్లు ఆ వార్డులో ఎవరుంటారు? అయినా మేనేజరు నిశాంత్ రావు నోటీసు పంపాడు: వానల త్రైమాసికం ముగిసేనాటికి నలభై కన్నా తక్కువ నంబరున్న చేతులను తొలగిస్తారు. నిఖత్‌ను తీసేస్తే వార్డు మూసేస్తారు. ఎనిమిది మందినీ, మందు వేళ గుర్తుచేసే మాట్లాడే పెట్టెలతో ఇళ్లకు పంపుతారు.

నిఖత్ నోటీసు చదివి, సోంపు గింజలు నములుతూ, దాన్ని మడిచి ఊగుతున్న మంచం కాలు కింద పెట్టింది.

నమోదు 4

నిశాంత్ రావు దగ్గరికి పోయాను. మంచి అబ్బాయే. ఎవరినైనా ఉద్యోగం నుంచి తీసేటప్పుడు కూడా ముందు మంచినీళ్లు ఇస్తాడు. నాకూ ఇచ్చాడు. అంకె తను వేసింది కాదన్నాడు. అంకెలకు పక్షపాతం ఉండదన్నాడు. చేతిగుణం ఉందని ప్రజలే అంటున్నారు కదా, ప్రజల మాటకు విలువ ఇవ్వాలని జీవితాంతం అరిచింది మీరే కదా మేడం అని కూడా అన్నాడు. ఇది నాకు తగిలింది. నా మాటలతో నన్నే కొట్టడం ఈ తరం మేనేజర్లు ఎక్కడో శిక్షణలో నేర్చుకుంటారు.

వాదన తెగక, గోడ మీది తెర వైపు తిరిగి పెద్దసారునే అడిగాను.

"డాక్టర్ నిఖత్ చెయ్యి చెడ్డదా?"

"చెడ్డ చెయ్యి అనే కొలత నా దగ్గర లేదు" అంది యంత్రం. "మందు ఏ చేతి మీదుగా వెళ్లింది, రోగి వారంలో ఇంటికి వెళ్లారా, ఈ రెండూ లెక్కించమన్నారు. లెక్కించాను."

"రోగి ఏ వార్డులో, ఏ మంచం మీద ఉన్నారో లెక్కించలేదా?"

"అది అడగలేదు."

"నొప్పి తగ్గిందో లేదో?"

"అదీ అడగలేదు."

"మేడం, దాన్ని కన్ఫ్యూజ్ చెయ్యొద్దు" అన్నాడు నిశాంత్ రావు. యంత్రానికి గందరగోళం ఏమీ లేదు. ఆ గదిలో తిన్నగా మాట్లాడింది అదొక్కటే. మీరు సినిమాల్లో చూసి యంత్రాలకు భయపడతారు. దానికి ప్రశ్నలు రాసిచ్చే వాళ్లకు భయపడటం ఎప్పుడు నేర్చుకుంటారు?

నమోదు 5

నీడబాటలో బహిరంగసభ పెట్టాను. అంశం: చేతిగుణం అబద్ధం. మైకు రాథోడ్ పట్టుకున్నాడు. జనం విరగబడి వచ్చారు. జలుబు దానంతటదే ఎలా తగ్గుతుందో చెప్పాను. తేజోమూర్తి చేతికి తొంభై ఆరు రావడానికి కారణం ఆ చేతిలో దైవం ఉండటం కాదని, గజ్జి మందుతో ఎవరికైనా గజ్జి తగ్గుతుందని చెప్పాను. తేజోమూర్తి అలిగి వెళ్లిపోయాడు. నిఖత్ వార్డులో చేతికీ అంకెకూ సంబంధం ఎందుకు లేదో పూసగుచ్చినట్టు వివరించాను. నా జీవితంలో ఇంత మంచి ఉపన్యాసం ఇవ్వలేదు. చప్పట్లు ఆగలేదు.

చివర్లో ఒక పెద్దమనిషి లేచాడు. టోకెన్ల వరుసలో రోజూ నాకు కనబడే వ్యక్తి.

"నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం డాక్టరమ్మా. చేతిగుణం లేదు, ఏం లేదు. నీ అసొంటి మంచి చెయ్యి ఉన్న మనిషి చెప్పినంక నమ్మకుంటే ఎట్ల."

ఆ తర్వాత అందరూ వరుసకట్టారు. తమ గోలీలను నేను ఒకసారి ముట్టుకోవాలట.

నేను వేదిక మీద కూర్చుని నవ్వాను. ఏం చెయ్యమంటారు? కోపంతో మొదలుపెట్టిన మనిషికి కూడా మీరు నవ్వు తప్ప దిక్కు లేకుండా చేస్తారు.

నమోదు 6

ఉపాయం రాథోడ్‌ది. ఒప్పందంలో ఒక అంశం ఉంది: అందజేత వైద్యులు డ్యూటీలు తమలో తాము మార్చుకోవచ్చు, మేనేజరు అనుమతి అక్కర్లేదు. సెలవులప్పుడు భర్తీకి మనిషిని వెతికే తలనొప్పి తప్పించుకోవడానికి కంపెనీయే పెట్టిన అంశం. నంబరు చేతికి పడుతుంది, చెయ్యి ఎక్కడ పనిచేస్తుందన్నది దానికి పట్టదు. అయితే నా తొంభై మూడు చెయ్యిని నిఖత్ వార్డుకు, ఆమె పదకొండు చెయ్యిని నా జలుబు గదికి మారిస్తే? త్రైమాసికం ముగిసేలోపు నాది నలభై కిందికి దిగదని మా లెక్క.

నిఖత్ ఒప్పుకోలేదు. సోంపు డబ్బా మూత టప్పున వేసింది.

"నా ముసలోళ్లను నీకిచ్చి, నేను పోయి ముక్కులు కార్చెటోళ్లకు గోలీలియ్యాల్నా? నీకు వాళ్ల దగ్గర కూసునుడు వస్తదా క్రాంతీ? నువ్వు అయిదు నిమిషాలల్ల లెక్చర్ మొదలుపెడ్తవ్."

"పెట్టను."

"పెడ్తవ్. తొమ్మిదో మంచం అనుకోని గోడకు కూడ చెప్తవ్."

వార్డు నిలవాలంటే నీ నంబరు పెరగాలి, నీ నంబరు పెరగాలంటే నువ్వు కొన్నాళ్లు వార్డు విడవాలి అన్నాను. ఆమె డబ్బా మూత మళ్లీ తీసి రెండు సోంపు గింజలు నోట్లో వేసుకుంది. తర్వాత షరతులు పెట్టింది. వాళ్లతో గవ్వల పచ్చీసు ఆడాలి. జాలిపడి ఓడిపోకూడదు, ఓడిపోయినట్టు నటిస్తే ముసలివాళ్లు ఇట్టే పట్టేస్తారు. మూడో మంచం రాజేశంను నొప్పి ఎంతుందని అడగకూడదు, ఆయన చేతిలో గవ్వలు ఉండగా చూడాలి.

ఎందుకో చెప్పలేదు. "నీకే తెలుస్తది" అంది.

నమోదు 7

రాజేశం ఒకప్పుడు బస్సు డ్రైవరు. బస్సులు వాటంతటవే నడవడం మొదలయ్యాక కూడా ఆయన ఉద్యోగం పోలేదు. ముందు సీటు ఖాళీగా ఉంటే జనం ఎక్కడం లేదని, ఆయన్ను అందులో ఊరికే కూర్చోబెట్టారు.

"స్టీరింగు పీకేసిండ్రు బిడ్డా" అన్నాడు, గవ్వలు చేతిలో కలుపుతూ. "చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక ఒళ్లె పెట్టుకున్న. మలుపు అచ్చినప్పుడల్లా జెర వంగెటోన్ని. జనానికి ధైర్నం."

"అంటే నటించారన్నమాట."

"నువ్వు గోలీ అందిచ్చుడు ఏందట మరి?"

నేను లెక్చర్‌కు నోరు తెరిచాను. ఆలోపు ఆయన నా రెండు కాయలు చంపాడు.

పెద్దసారు తెర మీద నుంచి రోజూ అడుగుతుంది, నొప్పి పదిలో ఎంత అని. రాజేశం రోజూ "రెండు" అంటాడు. ఎందుకని అడిగితే, బేరంలో ముందే పెద్ద అంకె చెప్పేవాడు తెలివితక్కువవాడు అన్నాడు. మన ఊళ్లో అంకె అడిగితే ఎవరైనా తగ్గించే చెప్తారు, పెళ్లి భోజనాల ఖర్చు తప్ప. ఈ సంగతి యంత్రం తయారుచేసిన వాళ్లకు ఎవరు చెప్పాలి? ఇవాళ ఆయన గవ్వలు చేతిలోకి తీసుకుని, కలపకుండా అలాగే పట్టుకుని ఉండిపోయాడు. అప్పుడు అర్థమైంది, నిఖత్ చూడమన్నది ఈ కదలని చేతినే అని.

"రాజేశం గారూ, ఎంత?"

"రెండు."

"నాకు ఎనిమిది కనబడుతోంది."

"మూడు అనుకో."

"ఏడుకు తక్కువ ఒప్పుకోను."

"అయిదు. ఆఖరి మాట."

ఆరు దగ్గర తెగింది. తెర మీద ఆరు నొక్కాను, పెద్దసారు మందు మోతాదు పెంచింది. నా చేత్తో ఇచ్చాను. ఆయన కొంతసేపటికి గవ్వలు కలిపి వేశాడు, పచ్చీసు పడింది, ఏకంగా పాతిక. జలుబు గదిలో నేను ఏడాది పొడుగునా చేసినదానికన్నా ఎక్కువ వైద్యం ఇవాళ చేశాను. జబ్బు తగ్గిందా అంటే తగ్గలేదు. నొప్పి తగ్గింది. బోర్డు మీద నా నంబరు ఎనభైకి దిగింది.

నమోదు 8

అరవై ఒకటి.

పూలామె నన్ను చూసి పూలు సర్దుకుంటున్నట్టు తల వంచుకుంది. గొడుగులవాడు నా గొడుగు చాలా బాగుందన్నాడు. ఇంటి నుంచి ఆసుపత్రికి చిటికెలో చేరాను. ఎంత సుఖం.

నమోదు 9

నిఖత్ వైభోగం చెప్పాలి. జలుబు గదిలో ఆమె నంబరు పదకొండు నుంచి ఎగిరెగిరి ఎనభై తొమ్మిదికి చేరింది. నాలాగా ఆమె ఉపన్యాసాలు ఇవ్వదు. బోణీ అడిగిన ప్రతివాళ్లకూ చేస్తుంది. అరటిపండు వలిచి తింటుంది, గాజులు వేసుకుని చూస్తుంది, నర్సవ్వ దగ్గర సర్వపిండి తిని ఉప్పు తక్కువైందని కూడా చెప్తుంది. మొన్నటిదాకా ఆమె ఎదురొస్తే బండి పక్కకు లాక్కున్న నర్సవ్వే ఇవాళ పల్లెంలో పెట్టి ఇచ్చింది. నేను పక్కనే నిలబడి, నిన్నటిదాకా ఈమె చెయ్యే కదా చెడ్డదన్నావు అని నిలదీశాను.

"అప్పటి చెయ్యి వేరు, ఇప్పటి చెయ్యి వేరు" అంది నర్సవ్వ. "అమ్మకు గ్రహాలు తిరిగినయి."

నిఖత్ నోరు నిండా నమలుతూ తల ఊపింది. ఎవరి పక్షమో మీరే చెప్పండి.

సాయంత్రం మాత్రం రోజూ వార్డుకు వస్తుంది. నేను పచ్చీసులో ఎవరినీ గెలవనివ్వడం లేదని ముసలివాళ్లు ఫిర్యాదు చేస్తే సంతోషపడింది.

నమోదు 10

రాజేశం ఇవాళ తెల్లవారుజామున పోయాడు. నిఖత్, నేను ఇద్దరం పక్కనే ఉన్నాం. నొప్పి లేదు. ఈ మాట నేను డాక్టరుగా చెప్తున్నాను, ఓదార్పుగా కాదు. నిన్న సాయంత్రం ఆయన దిండుకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, మంచం మలుపు తిరుగుతోంది జెర పట్టుకోండని మమ్మల్ని నవ్వించాడు.

ఆసుపత్రి బయటికి వచ్చేసరికి బోర్డు మీద నా నంబరు మూడు తగ్గింది.

ఆయన చనిపోయినందుకు. నా చేతి మీదుగా మందు తీసుకుని, వారంలో కోలుకుని, ఇంటికి పోనందుకు. ఒక మనిషి నొప్పి లేకుండా, నవ్వుతూ, ఒంటరిగా కాకుండా పోవడం ఈ లెక్కలో మూడు మార్కుల నష్టం. బోర్డును రాయితో కొడదామని వెతికాను. నీడబాటలో రాళ్లు ఉండవు, ఊడ్చే యంత్రాలు ఏరేస్తాయి. రాథోడ్ నా భుజం మీద చెయ్యి వేసి, అక్కా, ఛాయ్ తాగుదాం పద అన్నాడు.

ఈ నంబరును రోజూ తల ఎత్తి చదివేది మీరు. చదివి, ఏ గదికి పోవాలో నిర్ణయించుకునేది మీరు. చదవడం మానేస్తే అది ఉత్త బల్బు. ఆలోచించండి.

నమోదు 11

నిశాంత్ రావు పిలిచి మంచినీళ్లు ఇచ్చాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది. నా నంబరు ఇరవై ఎనిమిది, త్రైమాసికం ముగింపు దగ్గర పడింది. నిఖత్‌కు సన్మానం ఉందట, నాకు తొలగింపు ఉందట. రెండూ ఒకే కార్యక్రమంలో, షామియానా ఖర్చు కలిసివస్తుందని.

నన్ను తీసేస్తే వార్డును ఎవరు చూస్తారని అడిగాను. నంబరు ఉన్న డాక్టరును అక్కడ వృథా చెయ్యలేం మేడం అన్నాడు. అంటే వార్డు పోతుంది. అంటే మేమిద్దరం చేతులు మార్చుకుని, మునిగే పడవలో చోటు మాత్రం మార్చుకున్నాం.

నిఖత్ ఈ మాట విని ఒక్కటే అంది.

"ఇద్దరమే మారినం కాబట్టి గిట్లయింది. నలుగురం తిరుగుదాం."

రాథోడ్ అప్పటికప్పుడు సరేనన్నాడు. తేజోమూర్తి ససేమిరా అన్నాడు. తొంభై ఆరు ఆయనది, స్కూటరు మీద రంగు కూడా ఆరలేదు. నేను సమాజం, సంఘీభావం, చరిత్ర తీర్పు అని మొదలుపెట్టాను. ఆయన వాచీ చూసుకున్నాడు. నిఖత్ నన్ను పక్కకు జరిపి, పచ్చీసు బట్ట పరిచింది. ఆయన గెలిస్తే ఎవరూ ఆయన జోలికి రారు, ఓడితే రేపటి నుంచి వార్డు.

చర్మం డాక్టరుకు గవ్వలు పట్టడం కూడా రాదు. ఎనిమిది మంచాల వాళ్లలో లేవగలిగిన వాళ్లంతా చుట్టూ చేరి ఆయన్ను ఆటపట్టించారు. చివరి కాయ చచ్చాక తేజోమూర్తి గవ్వలు ఏరి నిఖత్ చేతిలో పెట్టి, "రేపు ఏ టైముకు రావాలి" అన్నాడు. మంచి మనిషి. స్కూటరు సంగతి మాత్రం ఇంకా క్షమించలేదు.

నమోదు 12

రోజుకొకరం తిరుగుతున్నాం. ఒకరోజు జలుబు, ఒకరోజు గజ్జి, ఒకరోజు మోకాళ్లు, ఒకరోజు వార్డు. రాథోడ్ ముసలివాళ్లను ఎత్తి వరండాలోకి తెచ్చి కూర్చోబెడుతున్నాడు, మంచం మీదే ఉండి ఉండి ఆకాశం రంగు మర్చిపోయారని. తేజోమూర్తి ఎండిన చర్మాలకు నూనె రాస్తున్నాడు. పడుకుని పడుకుని ఒరుసుకుపోయిన వీపులను మాలో ఎవరికన్నా ముందు ఆయన పసిగట్టాడు. తన చదువు ఇక్కడే పనికొచ్చిందని నాతో అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ.

బోర్డు మీద నాలుగు అంకెలూ ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతున్నాయి. నీడబాటలో గందరగోళం. ఎవరితో బోణీ చేయించుకోవాలో తెలియక నర్సవ్వ ఇవాళ బోణీ తనే చేసుకుంది.

నమోదు 13

త్రైమాసికం ముగిసింది. నా చెయ్యి యాభై రెండు, నిఖత్ చెయ్యి యాభై నాలుగు, మిగతా ఇద్దరివీ ఆ పక్కనే. నలభై కింద ఎవరూ లేరు.

నిశాంత్ రావు ఇది మోసం అన్నాడు. ఒప్పందంలోని అంశం చదివి వినిపించాను. విచారణ పెట్టారు. కంపెనీ బోర్డు అధ్యక్షురాలు ఎక్కడో చల్లటి ఊళ్లో కూర్చుని తెర మీద కనిపించింది. మేం విచారణను వార్డులోనే జరపాలని పట్టుబట్టాం. ఎనిమిది మంచాలు, మేం నలుగురం, గుమ్మంలో నర్సవ్వ, ఆమె వెనక సగం నీడబాట.

మాలో ఎవరి చెయ్యి మంచిదని అధ్యక్షురాలు పెద్దసారును అడిగింది.

"చేతులు రోజూ మారాయి" అంది యంత్రం. "చెయ్యి ఏదైనా, వార్డు మారిన ప్రతిసారీ నంబరు మారింది. నంబరు చేతిని బట్టి లేదు, వార్డును బట్టి ఉంది."

"అయితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఇప్పుడే అడిగారు."

అధ్యక్షురాలు చాలాసేపు తన ముందున్న కాగితాలు సర్దుకుంది. నోటీసు వెనక్కి తీసుకుంటున్నామని, డాక్టర్ నిఖత్ తన వార్డులో ఉండవచ్చని చెప్పింది. అక్కడితో ఆగితే మేం ఛాయ్ తాగి ఇళ్లకు పోయేవాళ్లం. కానీ మర్యాద కోసం, మీకింకా ఏమైనా కావాలా అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగకూడదు. ఇంట్లో వాళ్లకు కూడా తెలుసు. నేను నోరు తెరిచేలోపు నిఖత్ నా మోచెయ్యి పట్టుకుని ఆపి, ముందు మంచాల వాళ్లను అడుగుదాం అంది. అడిగాం. అందరం కలిసి తెర ముందు చెప్పినవి ఇవి. గుమ్మంలో నిలబడ్డ మీరు కూడా అవునన్నారు, ఇప్పుడు తప్పించుకోకండి.

మా డిమాండ్లు:

1. చేతి నంబర్ల బోర్డును తీసేయాలి.

2. తగ్గని జబ్బుల వార్డును ఏ నంబరు పేరుతోనూ మూయకూడదు. మంచాలు ఎనిమిది నుంచి పన్నెండు చెయ్యాలి.

3. నొప్పి తగ్గితే, తగ్గిందని లెక్కలో రాయాలి.

4. చనిపోయిన మనిషిని ఏ డాక్టరు పేరు మీదా నష్టంగా చూపకూడదు.

5. పెద్దసారును ఏం లెక్కించమంటున్నారో ముందుగా ఊరికి చదివి వినిపించాలి. ఆ ప్రశ్నలు రాసేటప్పుడు రోగులు, డాక్టర్లు, నర్సులు కూర్చోవాలి.

6. యంత్రం వల్ల మిగిలిన సమయాన్ని రోగి దగ్గర కూర్చోవడానికి ఇవ్వాలి. డాక్టర్లను తగ్గించడానికి వాడకూడదు.

7. కోత యంత్రం కోస్తే, సంతకం కంపెనీ చెయ్యాలి.

8. ఇంటికి పంపిన డాక్టర్లలో రాదలచిన వాళ్లను వెనక్కి పిలవాలి. అందజేత అనే హోదా రద్దు చేసి, వైద్యులు అని రాయాలి.

9. ఈ డిమాండ్లకు జవాబు చెప్పడానికి మనిషి రావాలి. వచ్చి, మంచాల మధ్య నిలబడి చెప్పాలి.